అద్దానికి బొట్టు

లేజర్ హాల్లో ఈ ఉదయం నుంచి ఒకరికొకరు తగిలితే వయసు మారుతోంది. మారితే నిండు సంవత్సరాలే మారతాయి, అర, పావు అన్న బేరాలు లేవు. స్టోర్సు జగ్గారావు టీ కప్పు పట్టుకుని వస్తూ తలుపు దగ్గర గుమాస్తాకు భుజం తగిలిస్తాడు. ఇద్దరూ ఆ క్షణానే తొమ్మిదేళ్ళు ముదురుతారు. కప్పులో టీ తొణకదు.

నూకరత్నం దీనికి ఆశ్చర్యపోదు. ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. అందులో పద్నాలుగేళ్ళు ఇక్కడ అద్దాలు తుడవడంలోనే గడిచాయి. కొండమీది ఈ కేంద్రంలో జరిగే పనే అది. రెండు ఎలక్ట్రాన్లను గొట్టంలో ఎదురెదురుగా తోలుతారు, అవి గుద్దుకునే చోట బలమైన లేజర్ వెలుతురు పోస్తారు, ఏది ఎటు చెదిరిందో చూస్తారు. చీకట్లో గుద్దుకుంటే వాటి తగువు వాటిది. వెలుతురులో గుద్దుకుంటే మూడో మనిషి మధ్యలో దూరతాడు, ఆ మూడో మనిషి వెలుతురే. గుద్దుకున్న క్షణాన కాస్త పెడుతుంది, లేదా కాస్త లాక్కుంటుంది. పెట్టినా లాక్కున్నా గింజల లెక్కే, గింజను విరవడం దానికి చేతకాదు. ఇన్నాళ్ళూ ఆ వ్యవహారం గొట్టం లోపల నడిచేది. ఇవాళ గొట్టం బయట జీతగాళ్ళ మధ్య నడుస్తోంది.

బయటికి ఎందుకొచ్చిందంటే, ఇవాళ ఆయుధ పూజ.

మిగతా రోజుల్లో చెప్పులతో గడప తొక్కనివ్వని ఈ హాల్లోకి ఆయుధ పూజ నాడు కుటుంబాలను కూడా రానిస్తారు. మామిడి తోరణాలు కడతారు. పంపులకు బొట్టు, కంప్యూటర్లకు బొట్టు, స్క్రూడ్రైవర్లకు బొట్టు, మంటలార్పే సిలిండరుకు కూడా బొట్టు. ఎంత చదివిన సైంటిస్టయినా ఇవాళ కొబ్బరికాయ కొట్టకుండా మీట నొక్కడు. అద్దానికి మాత్రం బొట్టు పెట్టకూడదు, దాన్ని నిలబెట్టిన ఇనప కాలికి పెట్టాలి. అద్దం మీద దుమ్ము కణం ఉన్నా ఆ వెలుతురుకు కాలిపోతుంది, అద్దం చెడుతుంది, కిరణం ఎటు పడితే అటు చిమ్ముతుంది. పద్నాలుగేళ్ళుగా ఈ మాట వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పి నోరు నొప్పెట్టించుకున్నది నూకరత్నమే.

ఈసారి అద్దానికి బొట్టు పెట్టింది ఆమె కూతురు పైడి. దానికి అయిదేళ్ళు. కుంకం గిన్నె పిల్ల చేతికిచ్చి, తాను అరటిపళ్ళు సర్దుకుంటూ, "దేన్నీ వొదలకమ్మా, అన్నిటికీ పెట్టీయ్" అన్నది నూకరత్నమే. మొదటి అద్దం బల్ల అంచునే, పిల్ల చేతికి అందే ఎత్తులోనే ఉంది. ఊరందరికీ చెప్పిన మాట కన్నకూతురికి చెప్పడం మరిచిపోయింది. దీపం కిందే చీకటి అని ఊరికే అన్నారా.

కొబ్బరికాయ పగిలింది, మీట నొక్కారు, బొట్టు కాలింది, వెలుతురు హాలంతా పరుచుకుంది. ఇప్పుడు మీట దించితే మీట దిగుతుంది గాని వెలుతురు దిగదు. వెలుతురు ఉన్నంతసేపు తలుపులు తెరుచుకోకూడదని వాటికి నేర్పారు. అవి నేర్పింది చేస్తున్నాయి.

అందరి ఒంటి మీదా వెలుతురు తడిసిన చీరలా అంటుకుని ఉంటుంది. చేయి ఎత్తాలంటే దాని బరువు కూడా కలిపి ఎత్తాలి. అయినా జనం చేతులు దించరు. ఏళ్ళు మీద పడ్డవాళ్ళు మోచేతులు ముందుకు పెట్టుకుని తిరుగుతారు, మరోసారి ఎవరికైనా తగిలితే పోగొట్టుకున్నది తిరిగొస్తుందేమోనని. పూజకు పక్కపక్కన నిలబడి హారతి కళ్ళకద్దుకున్నవాళ్ళే ఇప్పుడు ఒకరినొకరు చూసి పళ్ళు నూరుతారు.

వెలుతురు ఎప్పుడు పెడుతుందో, ఎప్పుడు లాక్కుంటుందో వాళ్ళెవరికీ తెలియదు. నూకరత్నానికి తెలుసు. వెలుతురు ఊగుతుంది. తూర్పు గోడ నుంచి పడమటి గోడకు, మళ్ళీ వెనక్కి. కంటికి కనపడదు గాని, అద్దాలు తుడిచిన వేళ్ళకు తెలుస్తుంది. తూర్పుకు ఊగేటప్పుడు తగిలితే ఇద్దరికీ ఏళ్ళు పెడుతుంది. పడమటికి ఊగేటప్పుడు తగిలితే ఇద్దరి దగ్గరా లాక్కుంటుంది. ఆ ఊపుకు అడ్డంగా, ఉత్తర దక్షిణాలుగా తగిలినవాళ్ళ జోలికి రాదు.

అందుకే పైడిని ఉత్తరం గోడకు వీపు ఆనించి నిలబెట్టి, పక్కకు కదలొద్దని చెబుతుంది. ఒక్క దెబ్బకు తొమ్మిది లాక్కునే వెలుతురు ఇది. పిల్ల దగ్గర ఉన్నవే అయిదు.

"అమ్మా, నాను బాగా పెట్టినానా?" అంటుంది పైడి.

"బాగా పెట్టినావు. ఎవరికీ సెప్పకు."

డైరెక్టరు పేర్రాజు గారు కుర్చీ ఎక్కి నిలబడతారు. అద్దం మీద బొట్టు పెట్టినవాళ్ళ ఏళ్ళన్నీ చివరిదాకా తీసుకుంటే గాని వెలుతురు ఆరదని ప్రకటిస్తారు. ఎలా తెలిసిందని ఎవరూ అడగరు. డైరెక్టరు గారు కదా, ఆయనకు తెలియక మనకు తెలుస్తుందా.

"పెట్టినవాళ్ళు వచ్చి మధ్యలో ఉన్న ఈ స్టూలు మీద కూర్చోండి" అంటారాయన. "మేమందరం ఒకరి తర్వాత ఒకరం వచ్చి తగులుతాం. ఏళ్ళు అయిపోగానే వెలుతురు ఆరుతుంది, తలుపులు తెరుచుకుంటాయి, మధ్యాహ్నానికి భోజనాలు."

ఎవరూ కదలరు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం. పేర్రాజు గారు కుర్చీ దిగి, వెర్నియర్ కాలిపర్స్‌తో అద్దం మీది కాలిన మచ్చను కొలుస్తారు. ఏడు మిల్లీమీటర్లు వస్తుంది. అందరూ కుడిచేతి ఉంగరపు వేలు చాచి వరసలో రావాలంటారు. పిల్లలు కూడా.

ఇంత మందిలో ఏడు మిల్లీమీటర్ల వేలు ఎవరిదో నూకరత్నానికి కొలవకుండానే తెలుసు. ఆ వేలికి గోళ్ళు తీసింది నిన్ననే.

వరస తూర్పు గోడ దగ్గర మొదలవుతుంది. ఆమె వెనక నుంచి పంపులు నడిపే అప్పలకొండ చెవి దగ్గర నోరు పెడుతుంది. పొద్దున ముప్పై ఏళ్ళ మనిషి, ఇప్పుడు నలభై. జుట్టు సగం నెరిసింది.

"వొదినా, నాను సూసినాను. మీ గుంటే, పైడే పెట్టింది."

"సెప్తావేటి?"

"అడిగితే సెప్తాను. అడక్కపోతే సెప్పను. నా పదేళ్ళు ఎవరు తెచ్చిత్తారు?"

ఒకప్పుడు ఈ అప్పలకొండ పిల్లవాడికి జ్వరమొస్తే మూడు రోజులు కూర్చుని తడిగుడ్డ వేసింది నూకరత్నమే. ఆ మాట ఇప్పుడు అనదు. అంటే ఏం ప్రయోజనం. వెలుతురు ఎటు ఊగుతోందో వేళ్ళతో చూసుకుంటుంది. ఆ ఊపు చూస్తూండగానే ఆమెకు దారి కనపడుతుంది.

వేలు చిన్నదని పిల్ల వేలు దొరికిపోతోంది. తన వేలు కూడా అంతే అయితే సరి.

ముప్పై నాలుగులో ఇరవై తొమ్మిది పోవాలి. పోయిన సంవత్సరాలతో పాటు వాటిలో జరిగింది కూడా పోతుందని ఆమెకు తెలుసు. జగ్గారావును చూసినా, గుమాస్తాను చూసినా ఆ సంగతి తెలుస్తూనే ఉంది, వాళ్ళు ఇంకా జరగని తొమ్మిదేళ్ళ గొడవలన్నీ నెమరేసుకుంటున్నారు. పైడి పుట్టింది తన ఇరవై తొమ్మిదో ఏట. ఆ గీత దాటితే కూతురు ఉన్నట్టే గుర్తుండదు. నూకరత్నం ఒక్కసారి ఉత్తరం గోడ వైపు తిరిగి పిల్లను చూస్తుంది. బాధగా ఉంటుంది. ఏడవడానికి వ్యవధి లేదు.

గుర్తుండాల్సింది ఎక్కంలా చదువుకోవాలనుకుంటుంది, ఎందుకంటే అన్నీ పోయినా ఎక్కాలు పోవు. "అయిదొచ్చేదాకా ఆగకు. బొట్టు నాదే. అయిదొచ్చేదాకా ఆగకు. బొట్టు నాదే."

"అప్పలకొండా, నీ పదేళ్ళు నాను తెచ్చిత్తాను. నోరు కట్టుకో."

"ఎలాగ?"

"నాను అన్నప్పుడు వొచ్చి తగులు."

వెలుతురు పడమటికి ఊగే క్షణాన ఆమె "ఊఁ" అంటుంది. అప్పలకొండ వచ్చి గుద్దుకుంటుంది. ఇద్దరికీ పదేసి పోతాయి. అప్పలకొండ జుట్టు నల్లబడుతుంది. అది చేతులు తడుముకుని, నోరు కట్టుకుని, థ్యాంక్స్ అయినా చెప్పకుండా పంపు వెనక్కి పోతుంది.

నూకరత్నానికి ఇరవై నాలుగు. చీర వదులవుతుంది. ఉత్తరం గోడకు ఆనుకుని ఎవరో పిల్ల నిలబడి ఉంది. చక్కని పిల్ల, ముక్కు తుడిచే దిక్కు లేదు, ఆ తల్లికి ఏం రోగమో అనుకుంటుంది. ఆ పిల్ల తనను చూసి చేయి ఊపుతుంది. నూకరత్నం మర్యాద కోసం తిరిగి ఊపుతుంది.

"అయిదొచ్చేదాకా ఆగకు. బొట్టు నాదే."

అప్పలకొండ నల్లజుట్టు హాలంతా చూసింది. ఇంకేముంది, వరస చెదిరింది, బెల్లం చుట్టూ ఈగలు. అందరికంటే ముందు జగ్గారావు వస్తాడు, గుమాస్తాను మోచేత్తో నెట్టేసి.

"నా తొమ్మిది నాకు కావాలి" అంటాడు. "నన్నే ముందు గుద్దు. నేను సీనియర్ని."

అద్దాలు తుడిచే మనిషి గాజు గ్లాసు ముట్టుకుంటే కూడా మైల అన్నట్టు చూసేవాడు ఇతను. ఆ సంగతి నూకరత్నానికి ఇంకా నాలుగేళ్ళ మేర గుర్తుంది. అసహ్యంగానే గుద్దుతుంది. ఎనిమిది పోతాయి. ఒకటి తక్కువైందని జగ్గారావు తిడతాడు.

నూకరత్నానికి పదహారు. ఈ హాలు ఏమిటో, తానిక్కడికి ఎందుకొచ్చిందో తెలియదు. ఇక్కడ ఉద్యోగంలో చేరడానికి ఇంకా నాలుగేళ్ళుంది. వేళ్ళకు మాత్రం ఊపు తెలుస్తూనే ఉంది, వేళ్ళు అన్నిటికంటే ఆఖరున మరిచిపోతాయి. చుట్టూ జనం మీదపడుతున్నారు. ఎవరి మొహంలోనూ జాలి లేదు. నన్ను, నన్ను అంటూ చొక్కా గుండీలు విప్పుకుని ఎదురొస్తున్నారు. ఆమెకు భయం వేస్తుంది. పారిపోదామంటే నోరు ఆ ఎక్కం ఆపనివ్వదు.

గుమాస్తా తగులుతాడు. నాలుగు పోతాయి. వాడికి చాలక రెండోసారి వస్తాడు, ఆమె ఒక్క అడుగు పక్కకు తిరిగి అడ్డంగా నిలబడుతుంది. ఏమీ జరగదు. వాడు ఉమ్మేసి పోతాడు.

పన్నెండు. వేళ్ళు కూడా మరిచిపోతాయి. ఇప్పుడు వెలుతురు ఎటు ఊగుతోందో ఈ హాల్లో ఎవరికీ తెలియదు.

జనం పక్కకు తప్పుకుంటారు. పేర్రాజు గారు వస్తున్నారు. కాలిపర్స్ జేబులో పెట్టుకుని, కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంటారు. ఆయన రిటైర్మెంటుకు ఏడాది కూడా లేదు.

"చూడమ్మాయ్," అంటారాయన, "విచారణ అధికారి చురుగ్గా ఉండాలి. ఇది నా కోసం కాదు, కేంద్రం కోసం."

పన్నెండేళ్ళ పిల్లకు ఆయనెవరో తెలియదు. వెలుతురు పెట్టవచ్చు, లాక్కోవచ్చు. పెడితే ఇంతవరకూ చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. తెలియక భయం లేదు. "అయిదొచ్చేదాకా ఆగకు" అని గొణుక్కుంటూ కళ్ళు మూసుకుని పరిగెత్తుతుంది, ఆయన పొట్టకు తల తగులుతుంది.

ఏడు పోతాయి. పేర్రాజు గారు యాభై రెండుతో వెనక్కి తూలి, కళ్ళజోడు అక్కర్లేదని సంతోషపడతారు.

నేల మీద కుప్పపడిన చీర మధ్య అయిదేళ్ళ పిల్ల నిలబడి ఉంది. జాకెట్టు మోకాళ్ళ దాకా వచ్చింది. ఎక్కంలో మొదటి సగం పూర్తయింది కాబట్టి నోటికి రెండో సగమే వస్తుంది.

"బొట్టు నాదే" అంటుంది.

పోయిన ఏడేళ్ళతో పోయిన ఇవాళ్టి సంగతి గుమాస్తా మళ్ళీ చెవిలో వేస్తే, పేర్రాజు గారు కాలిపర్స్ తీసి వేలు కొలుస్తారు. ఏడు మిల్లీమీటర్లు. మళ్ళీ కొలుస్తారు, మళ్ళీ ఏడే. సంఘటనల రిజిస్టరు తెప్పించి, కారకులు అన్న గడిలో ఒక బాలిక అని రాస్తారు.

అప్పుడు ఉత్తరం గోడ దగ్గర నుంచి పైడి గట్టిగా చెబుతుంది. "దానిది కాదు. నానే పెట్టినాను. మా అమ్మ పెట్టమంది."

హాలంతా తిరిగి చూస్తుంది. పంపు వెనక అప్పలకొండ తల దించుకుంటుంది.

పేర్రాజు గారు రిజిస్టరు వైపు చూస్తారు. "ఒకటే గడి ఉంది," అంటారు. "నిండిపోయింది."

అంతటితో ఆ విషయం తేలిపోతుంది. రాసిందాన్ని కొట్టేయడానికి రూలు లేదు. పైడి వేలు ఎవరూ కొలవరు. పిల్ల మాత్రం మా అమ్మ ఏదీ అని అడుగుతుంది.

బాలికను ఎత్తి స్టూలు మీద కూర్చోబెడతారు. మిగతావాళ్ళు తూర్పు గోడ దగ్గర వరస కడతారు. పంచెలు ఎగ్గడతారు, చెప్పులు విడుస్తారు. అయిదేళ్ళేగా, ఎంతసేపు. ముందు నేనంటే నేనని అక్కడా కొట్లాటే.

ఎవరూ పరిగెత్తకముందే వెలుతురు అద్దం దిగుతుంది.

దిగి, కొంగు నడుముకు దోపుకుంటుంది. దాని దగ్గర ఇప్పుడు ఒకే మనిషివి ఇరవై తొమ్మిదేళ్ళున్నాయి, అన్నీ వాడినవే. నడక నూకరత్నానిది. మోకాలు పట్టేసినప్పుడు నడుం మీద చేయి వేసుకోవడం కూడా ఆమెదే. అది నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని పిలుస్తుంది.

"పైడీ, ఇటు రా. బేగి రా."

"అమ్మా" అంటూ పైడి పరిగెత్తి ఒళ్ళో పడుతుంది. ఉత్తరం నుంచి వచ్చిందా, తూర్పు నుంచి వచ్చిందా అని ఎవరూ చూడరు. వెలుతురు దాని తల వంచి, జుట్టు పాయలు పాయలుగా తీసి వెతుకుతుంది. ఆ తల్లో అయిదు సంవత్సరాలు స్పష్టంగా కనపడుతూనే ఉంటాయి, పేలలా పాకుతూ. వెలుతురు వేళ్ళు వాటి దాకా వెళ్ళి ఆగుతాయి. ఆ పిల్లకు జ్వరమొచ్చిన రాత్రులన్నీ ఆ వేళ్ళలోనే ఉన్నాయి, అవి ఆ పని చేయలేవు.

"నీ తల్లో ఏటీ లేవు" అంటుంది. "ఎల్లి ఆడుకో."

తర్వాత స్టూలు వైపు చూస్తుంది. "నువ్వు రా. ఎవరి గుంటవే నువ్వు?"

బాలిక స్టూలు దిగి వస్తుంది. ఎవరి గుంటో ఆలోచిస్తుంది. తెలియదు. చేయి దానంతటదే లేచి పైడి వైపు చూపిస్తుంది.

పైడి ఆమెను పైనుంచి కిందిదాకా చూస్తుంది. అమ్మ జాకెట్టు వేసుకుందని కోపం.

"నాకు తెల్దు" అంటుంది.

"సరే, కూకో" అంటుంది వెలుతురు. బాలికను రెండు మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, తల ఒళ్ళోకి వంచి వెతకడం మొదలుపెడుతుంది. ఈ అయిదేళ్ళ తలను ఆ వేళ్ళు ఎప్పుడూ దువ్వలేదు. మొదటిది వెంటనే దొరుకుతుంది. రెండు బొటనవేళ్ళ గోళ్ళ మధ్య పెట్టి కుక్కుతుంది. టిక్కుమంటుంది. వరసలో ఉన్నవాళ్ళు వేళ్ళు మడుస్తారు. ఒకటి.

రెండోది పాపిట్లో ఉంటుంది. మూడోది మెడ దగ్గర పారిపోబోతుంటే పట్టుకుంటుంది. హాల్లో వెలుతురు కొంచెం తగ్గుతుంది. తలుపులు కిర్రుమంటాయి. జనం మొహాలు వికసిస్తాయి, ఎవరో భోజనాల సంగతి అడుగుతారు. నాలుగోదానికి జాకెట్టులో చేతులు కనపడవు, ఒళ్ళో పడుకోబెట్టుకుని చూడాల్సి వస్తుంది.

నొప్పి లేదు. ఒడి వెచ్చగా ఉంది. ఇంత హాయి ఎప్పుడూ ఎరగదు, ఎరిగి ఉన్నా గుర్తు లేదు. పైన వేళ్ళు నెమ్మదిగా తిరుగుతాయి, జుట్టు అంతా వెతుకుతాయి, అయిదోది దొరకదు. వరస కట్టినవాళ్ళు విసుక్కుంటారు. వెలుతురు చేతులు దులుపుకుని లేవబోతుంది.

ఏడాది పిల్లకు మాట రాదు. అది బోసినవ్వు నవ్వి, బుల్లి చేత్తో తన చెవి తానే ముందుకు మడిచి, వెనక ఉన్నది చూపిస్తుంది.